పైసలడిగే పేపరే పటాన్‌చెరులో ఉచితం

లింగంపేట మండలంలో ఒక కంది చేను ఊహించుకోండి. పూత మీదున్న మొక్కలు అక్కడక్కడా వాడి, నిలువునా ఎండిపోతున్నాయి. పక్కనున్న మొక్క మాత్రం పచ్చగానే ఉంది. రైతుకు ఇది తెలిసిన రోగమే, ఎండు తెగులు. కామారెడ్డిలో బీఎస్సీ చదివే ఆయన కూతురు ఫోన్ తీసి వెతకడం మొదలుపెడుతుంది. నాలుగు వీడియోలు, రెండు మందుల ప్రకటనలు దాటాక ఒక పరిశోధన పత్రం తగులుతుంది. ఈ తెగులు మీదే, మన నేలల్లోనే చేసిన పని. శీర్షిక కనబడుతుంది, పది వరుసల సారాంశమూ కనబడుతుంది. దాని కిందే ఒక బటన్: పూర్తిగా చదవాలంటే ముప్పై నలభై డాలర్లు కట్టాలి. మన డబ్బుల్లో మూడు వేలకు అటూఇటూ. ఒక్క పీడీఎఫ్‌కు!

అదే శీర్షికను మళ్లీ వెతికితే ఒక్కోసారి వింత జరుగుతుంది. ఫలితాల్లో ఇంకాస్త కిందికి వెళ్తే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ లింకు ఒకటి ఉంటుంది. నొక్కితే అదే పత్రం, అవే పట్టికలు, అవే నిర్ధారణలు, పైసా అడగకుండా ఫోన్‌లోకి దిగుతాయి. ఎవరో దొంగతనంగా పెట్టిన కాపీ కాదది. రాసిన శాస్త్రవేత్తే, తన సంస్థ నియమం ప్రకారం పెట్టింది. జర్నల్ అడిగే మూడు వేలూ చట్టబద్ధమే, పటాన్‌చెరు ఉచితమూ చట్టబద్ధమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

డబ్బు ఎటు పోతోంది?

వారపత్రికకు కథ రాస్తే ఎంతో కొంత పారితోషికం ముడుతుంది. పరిశోధన పత్రం రాసినవారికి జర్నల్ ఒక్క రూపాయి ఇవ్వదు. ఆ పత్రంలో తప్పులున్నాయేమో చూసిపెట్టే ఇద్దరు ముగ్గురు తోటి శాస్త్రవేత్తలకూ సాధారణంగా ఏమీ ఇవ్వదు. ఈ పరిశీలననే పీర్ రివ్యూ అంటారు. రాసినవారి జీతం, ప్రయోగశాల ఖర్చు, చేలో వేసిన ప్రయోగపు మళ్ల ఖర్చు చాలావరకు ప్రజల డబ్బే. అంతా అయ్యాక రచయిత ఒక ఒప్పందం మీద సంతకం చేసి, ప్రచురణ హక్కుల్ని జర్నల్‌కు అప్పగిస్తాడు. తర్వాత అదే శాస్త్రవేత్త పనిచేసే సంస్థ గ్రంథాలయం చందా కట్టి అదే జర్నల్‌ను కొనుక్కుంటుంది.

ప్రచురణకర్తలు చేసే పని ఏమీ లేదని కాదు. రివ్యూ నడిపించడం, భాష సరిచూడడం, పుట అమర్చడం, ఏళ్లపాటు సర్వర్ మీద నిలిపి ఉంచడం, వీటన్నిటికీ ఖర్చవుతుంది. అయితే ఆ ఖర్చు చదివేవాడి దగ్గరే వసూలు చేయాలా అన్నది ప్రశ్న. 2002లో బుడాపెస్ట్‌లో వెలువడిన ఓపెన్ యాక్సెస్ ప్రకటన దీనికి రెండు దారులు చూపింది. జర్నలే తలుపులు తెరిచి అందరికీ ఉచితంగా ఇవ్వడం ఒకటి. జర్నల్ ఎలా ఉన్నా, రచయిత తన ప్రతిని ఒక బహిరంగ నిల్వలో పెట్టడం రెండోది.

మొదటి దారిలో పేరున్న జర్నళ్లు చాలావరకు డబ్బు భారాన్ని పాఠకుడి మీంచి రచయిత మీదికి మార్చాయి. నేచర్ పత్రిక 2021 నుంచి తెచ్చిన పద్ధతిలో ఒక పత్రాన్ని అందరికీ తెరిచి ప్రచురించే రుసుము 9,500 యూరోలుగా మొదలైంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో, భిక్కనూరులోని దాని దక్షిణ ప్రాంగణంలోనో ఒక అధ్యాపకుడు ఆ మొత్తం కట్టడాన్ని నేనైతే ఊహించలేను. మనకు పనికొచ్చేది రెండో దారి. దానికి డబ్బు తక్కువే కావాలి, అలవాటే ఎక్కువ కావాలి.

పెట్టెలో: ఒకే పత్రం, మూడు ప్రతులు

మొదటి ప్రతి: శాస్త్రవేత్త రాసి ముగించి, ఇంకా ఎవరి పరిశీలనకూ వెళ్లనిది. దీన్ని బయటపెడితే ప్రిప్రింట్.

రెండో ప్రతి: రివ్యూ చేసినవారు అడిగిన సవరణలన్నీ అయ్యాక, జర్నల్ ‘సరే, వేస్తాం’ అన్న రాతప్రతి. విషయం చివరి రూపానికి వచ్చేసింది, జర్నల్ అచ్చు హంగులు మాత్రం ఇంకా చేరలేదు.

మూడో ప్రతి: జర్నల్ ముద్ర, పుట సంఖ్యలు, రెండు కాలమ్‌ల అమరికతో వెలువడినది.

డబ్బులడిగేది ఎక్కువగా మూడో ప్రతికే. మొదటిదాన్ని పంచుకోవడానికి చాలా జర్నళ్లు అభ్యంతరం చెప్పవు. రెండోదాన్ని కొన్ని వెంటనే, కొన్ని ఆరు నెలలో ఏడాదో రెండేళ్లో ఆగి పెట్టుకోనిస్తాయి. ఏ జర్నల్ ఏం ఒప్పుకుంటుందో చూసి చెప్పే ఉచిత జాబితా కూడా ఉంది. షెర్పా రోమియో అన్న పేరుతో అది చాలా ఏళ్లు నడిచింది.

సంగారెడ్డి జిల్లాలో రెండు నిల్వలు

ఇక్రిశాట్ 1972లో పుట్టింది. కంది, శనగ, వేరుశనగ, జొన్న, సజ్జ దాని పంటలు. అది అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాల సమాఖ్య సీజీఐఏఆర్‌లో భాగం. ఆ సమాఖ్యలో మిగతావాటికంటే ముందు, 2009 మేలో, తన శాస్త్రవేత్తలకు ఓపెన్ యాక్సెస్ నియమం పెట్టుకున్నది పటాన్‌చెరు కేంద్రమే. రాసిన ప్రతి పత్రాన్నీ సంస్థ నిల్వలో జమ చేయాలన్నది ఆ నియమం. రెండేళ్లకు ఆ నిల్వ, అంటే రిపోజిటరీ, జనానికి తెరుచుకుంది. సమాఖ్య మొత్తానికి ఇలాంటి విధానం 2013లో గానీ రాలేదు.

నియమం ఎందుకు, మంచి పనే కదా, శాస్త్రవేత్తలు వాళ్లంతట వాళ్లే పెట్టరా? పెట్టరు. ప్రపంచమంతా ఇదే అనుభవం. పత్రం జర్నల్‌లో వచ్చేసరికే రాసినవారి మనసు తర్వాతి ప్రయోగం మీదికి వెళ్లిపోతుంది. పాత ఫైలు వెతికి, వివరాలు నింపి, ఎక్కించడానికి పట్టేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాలు ఎవరి బాధ్యతా కాకపోతే ఆ పని జరగదు. ఓపెన్ యాక్సెస్ మీద ఎన్ని సభలు జరిగినా, నా లెక్కలో దాని గెలుపోటములు తేలేది ఈ గుమాస్తా పని దగ్గరే.

జమ చేయడం ఇలా నడుస్తుంది. శాస్త్రవేత్త ఆమోదం పొందిన రాతప్రతిని గ్రంథాలయానికి పంపుతాడు. గ్రంథాలయ సిబ్బంది శీర్షిక, రచయితలు, పంట, తెగులు, జర్నల్, తేదీ వంటి వివరాలు నింపుతారు. జర్నల్ ఆంక్ష ఏదైనా ఉంటే ఫైలును ఆ గడువుదాకా మూసి ఉంచుతారు. మూసి ఉన్నా వివరాలు మాత్రం అందరికీ కనబడతాయి. ఇక్రిశాట్ వాడిన ఈప్రింట్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అది ఉచితం. మూసి ఉన్న పత్రం పక్కన ‘కాపీ కావాలి’ అని అడిగే బటన్ పెట్టుకునే వీలు కూడా అందులో ఉంది. నొక్కితే కోరిక రచయితకు చేరుతుంది, ఆయన ఒప్పుకుంటే ప్రతి మెయిల్‌కు వస్తుంది.

లింగంపేటలో వెతికే అమ్మాయికి ఈప్రింట్స్ పేరు తెలియదు, ఇక్రిశాట్ నిల్వ ఉందనీ తెలియదు. అయినా ఆమెకు ఎలా దొరికింది? ఇలాంటి నిల్వలన్నీ తమ వివరాల్ని ఒకే పద్ధతిలో రాసి పెట్టుకుంటాయి. పరిశోధన పత్రాల్ని వెతికిపెట్టే సేవలు ఎప్పటికప్పుడు వచ్చి, ‘కిందటిసారి తర్వాత కొత్తగా ఏం చేరాయి?’ అని అడిగి వివరాలు పట్టుకెళ్తాయి. అందరూ ఒప్పుకున్న ఈ ప్రశ్న జవాబుల పద్ధతి 2001లో మొదలైంది. అందువల్ల పత్రాలు పటాన్‌చెరులో ఉన్నా, సౌతాంప్టన్‌లో ఉన్నా, ఒకే వెతుకులాటలో పక్కపక్కన కనబడతాయి.

అదే సంగారెడ్డి జిల్లాలో, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కూ ఇలాంటి నిల్వ ఉంది. (పంట కంది కాదు, ఊరు కంది.) పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల దారి వేరు. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల తర్వాత అవి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగకు చేరుతున్నాయి. ఉస్మానియా, కాకతీయ థీసిస్‌లు కూడా అందులో దొరుకుతాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్ ఉంది. ఒకప్పుడు బీరువాలో చెదలు తినే బైండు పుస్తకాలవి.

ఇంతా చెప్పి, రైతుకు పరిశోధన పత్రం కావాలా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకునే ‘ఆశ’ కంది రకం ఇక్రిశాట్ పరిశోధన ఫలమే. 1993లో విడుదలైన ఆ రకం రైతుకు విత్తనంగా అందింది, పీడీఎఫ్‌గా కాదు. కానీ రైతుకు సలహా చెప్పే వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ), పాఠం చెప్పే లెక్చరర్‌కు, వార్త రాసే విలేకరికి మూలం చూసుకునే అవకాశం ఉండాలి. లేకపోతే మందుల దుకాణం చెప్పిందే శాస్త్రమైపోతుంది.

మురుగునీటి లెక్క

రిపోజిటరీ పని నిదానంగా సాగుతుంది. ప్రిప్రింట్ స్వభావం వేరు, దానికి తొందర ఎక్కువ.

భౌతిక శాస్త్రజ్ఞులు రాతప్రతుల్ని జర్నల్ కంటే ముందే పోస్టులో ఒకరికొకరు పంపుకోవడం పాత అలవాటు. పెద్ద పేరున్న చోట పనిచేసేవారికి కట్టలు వచ్చేవి, మారుమూల విశ్వవిద్యాలయాలకు ఏమీ వచ్చేది కాదు. 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ ఒక కంప్యూటర్ మీద ఈ పంపకాన్ని అందరికీ ఒకేలా చేసిపెట్టాడు. ఆర్కైవ్ అనే ఆ నిల్వ తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. 2022 నాటికే అందులో 20 లక్షల పత్రాలు చేరాయి. జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్ఆర్కైవ్ 2019లో వచ్చాయి. వైద్యులు ఇంత ఆలస్యంగా రావడానికి కారణం ఊహించడం కష్టం కాదు. భౌతిక శాస్త్రంలో తప్పు సిద్ధాంతం వల్ల ఎవరూ మందు మింగరు.

మెడ్ఆర్కైవ్ వచ్చిన కొద్ది నెలలకే కరోనా వచ్చింది. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు అందులో ఒక పత్రం పెట్టారు. వారి ఆలోచన సూటిగా ఉంది. వైరస్ సోకినవారి మలంలో, లక్షణాలు ఉన్నా లేకున్నా, దాదాపు 35 రోజుల వరకు వైరస్ జన్యు పదార్థం బయటికొస్తుంది. కాబట్టి ముక్కుల్లో పుల్లలు పెట్టి ఒక్కొక్కరినీ పరీక్షించే బదులు మురుగునీటిని పరీక్షిస్తే ఊరు మొత్తం సంగతి తెలుస్తుంది. లీటరు మురుగులో ఎంత వైరస్ పదార్థం ఉందో కొలిచారు. శుద్ధి కేంద్రానికి రోజూ వచ్చే నీటితో దాన్ని హెచ్చించారు. ఒక మనిషి నుంచి రోజుకు ఎంత వస్తుందో ఆ అంచనాతో భాగించారు. వచ్చేది మనుషుల సంఖ్య.

నగరం రోజుకు వాడే నీరు దాదాపు 180 కోట్ల లీటర్లు. అందులో శుద్ధి కేంద్రాలకు చేరేది 40 శాతమే. ఆ కేంద్రాల్లోనూ దాదాపు 80 శాతం నుంచే నమూనాలు తీశారు. అక్కడ తేలిన సుమారు రెండు లక్షల సంఖ్యను నగరం మొత్తానికి విస్తరిస్తే 6.6 లక్షల మంది దాకా వచ్చింది. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు లక్షకు లోపే. పత్రికల్లో అది పెద్ద వార్త అయింది. పక్కనే చిన్న అక్షరాల్లో, ఈ పత్రానికి ఇంకా పీర్ రివ్యూ కాలేదన్న మాట.

ఆ చిన్న అక్షరాల అర్థం ఏమిటి? మురుగులో కొలిచిన వైరస్ తప్పని కాదు. లెక్కలో మెత్తని చోట్లు ఎక్కడున్నాయో అడిగేవాళ్లు ఇంకా అడగలేదని. ఒక మనిషి నుంచి వచ్చే వైరస్ పదార్థం అందరిలో ఒకేలా ఉండదు. శుద్ధి కేంద్రాలకు చేరని 60 శాతం మురుగు చేరిన 40 శాతం లాంటిదేనా అన్నది మరో ప్రశ్న. రివ్యూ చేసేవారు పట్టుకునేది ఇలాంటివాటినే. ఈ పని ఆ పరిశీలన దాటి 2021లో ‘సైన్స్ ఆఫ్ ది టోటల్ ఎన్విరాన్‌మెంట్’ జర్నల్‌లో వెలువడింది. కానీ వ్యాధి ఉధృతంగా ఉన్న ఆగస్టులో నగరానికి అవసరమైన సమాచారం ఆగస్టులోనే అందింది. మిగతా నగరాలు అదే పద్ధతి అందుకోవడానికి జర్నల్ దాకా ఆగనక్కర్లేకపోయింది.

ప్రతి ప్రిప్రింట్ కథా ఇంత బాగా ముగియదు. 2020 జనవరి 31న ఢిల్లీ శాస్త్రవేత్తలు కొందరు బయోఆర్కైవ్‌లో ఒక పత్రం పెట్టారు. కొత్త వైరస్‌లో హెచ్‌ఐవీని పోలిన ముక్కలున్నాయని దాని సారం. వైరస్‌ను ఎవరో ప్రయోగశాలలో చేశారన్న పుకార్లకు అది ఆజ్యమైంది. అంత చిన్న ముక్కలు ఎన్నో జీవుల్లో యాదృచ్ఛికంగా కనబడతాయని ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు గంటల్లోనే ఎత్తిచూపారు. రచయితలు రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. పుకారు మాత్రం వెనక్కి రాలేదు.

దీన్నిబట్టి పీర్ రివ్యూ అయినదాన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చని తేల్చకండి. 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద వచ్చిన పెద్ద పత్రం రివ్యూ దాటినదే. దాని గణాంకాల మూలాన్ని ఎవరూ సరిచూడలేకపోవడంతో జూన్ 4న ఉపసంహరించారు. ఢిల్లీ ప్రిప్రింట్‌కు పట్టింది రెండు రోజులు, లాన్సెట్ పత్రానికి రెండు వారాలు. తేడా రివ్యూ ఉందా లేదా అన్నదానిలో కంటే, ఎంతమంది ఎంత త్వరగా మూలాన్ని చూడగలిగారన్నదానిలో ఉందని నాకనిపిస్తుంది.

వార్తలో ప్రిప్రింట్ అన్న మాట కనబడితే మూలానికి వెళ్లి రెండు సంగతులు చూడొచ్చు. ఒకటి, అది ఎన్నో రూపం అన్నది. సవరించిన ప్రతిసారీ కొత్త సంఖ్య పడుతుంది, పాతది చెరిగిపోదు. రెండు, తర్వాత ఏదైనా జర్నల్‌లో వచ్చిందా అన్నది. వస్తే ఆ లింకు సాధారణంగా పైనే ఉంటుంది. ఉపసంహరించిన పత్రం పేజీ కూడా మాయం కాదు, ఉపసంహరించిన సంగతి చెప్పే గమనికతో అక్కడే నిలిచి ఉంటుంది.

పూడిక

లింగంపేటలో నాగన్న బావి చూసినవారికి తర్వాతి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 18వ శతాబ్దపు మెట్లబావి అది. కట్టినవారి పనితనానికి లోటు లేదు. అయినా పట్టించుకునేవారు లేక పూడిక చేరి, పొదలు మొలిచి, ఏళ్లతరబడి పాడుబడింది. ఇటీవలి ఏళ్లలో పూడిక తీసి బాగుచేశాక మళ్లీ మనుషులు వస్తున్నారు. డిజిటల్ నిల్వలూ అంతే. కట్టడానికి వచ్చే డబ్బు, పేరు ఏటేటా పూడిక తీయడానికి రావు.

2000 నుంచి 2019 మధ్య 174 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు వెబ్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని ముగ్గురు పరిశోధకులు లెక్క తేల్చారు. (ఆ లెక్క కూడా 2020లో ముందు ప్రిప్రింట్‌గానే బయటికొచ్చింది.) ఉచితంగా ఉన్నంత మాత్రాన శాశ్వతంగా ఉండదని దీని అర్థం. మన దగ్గరా ఇలాంటి ఇబ్బందులు వచ్చాయి. వ్యవసాయ ప్రిప్రింట్ల కోసం ఓపెన్ యాక్సెస్ ఇండియా బృందం 2017లో అగ్రిఆర్కైవ్ మొదలుపెట్టింది, 2019లో దేశం మొత్తానికి ఇండియాఆర్కైవ్ తెచ్చింది. రెండూ ఒక అమెరికన్ సంస్థ ఉచితంగా ఇచ్చిన వేదిక మీద నడిచాయి. ఆ సంస్థ నిర్వహణ రుసుము అడగడం మొదలుపెట్టేసరికి స్వచ్ఛందంగా నడిపేవారికి చిక్కొచ్చి పడింది. అగ్రిఆర్కైవ్ 2020లో బ్రిటన్‌కు చెందిన క్యాబి అనే సంస్థ చేతికి వెళ్లింది.

ప్రతులు నిలబడాలంటే చాలాచోట్ల ఉండాలి. 1999లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన లాక్స్ పద్ధతి చేసేది ఇదే. అనేక గ్రంథాలయాల కంప్యూటర్లు ఒకే పత్రం ప్రతుల్ని ఉంచుకుని, అప్పుడప్పుడూ ఒకదానితో ఒకటి పోల్చుకుంటాయి. ఒక ప్రతి మిగతావాటితో కలవకపోతే అదే చెడిందని తేల్చి, మంచి ప్రతి నుంచి దాన్ని సరిచేసుకుంటాయి. మనుషులు చూడనవసరం లేదు, కరెంటు బిల్లు కట్టేవారు ఉంటే చాలు.

గేటు లోపల ఎవరు?

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు 2025 జనవరి నుంచి అందుబాటులోకి వచ్చాయి. చిన్న ఊళ్ల ప్రభుత్వ కళాశాలలకు ఇది నిజంగా పెద్ద మేలు. ఇంతకుముందు ఎక్కువగా పెద్ద సంస్థల గ్రంథాలయాలకే ఉన్న సౌకర్యం అది.

అయినా అది చందానే. మన కంది రైతు కూతురు ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చదువుతుంటే గేటు బయటే. రైతూ బయటే, విలేకరీ బయటే. గడువు తీరి చందా పొడిగించకపోతే లోపలివారూ బయటికొస్తారు. పటాన్‌చెరులో జమ అయిన ప్రతికి ఈ బెడద లేదు. ప్రజాధనంతో జరిగిన పరిశోధనల్ని నిల్వల్లో జమ చేయాలన్న విధానాన్ని కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబర్‌లోనే ప్రకటించాయి. చందాకు 6,000 కోట్లు దొరికిన దేశంలో ఆ విధానాన్ని అమలు చేయించే సిబ్బందికి అందులో పిసరంత చాలు.

ఇక పత్రం దొరకని వారికి: పూర్తి శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. గూగుల్ స్కాలర్‌లో అయితే ఫలితం కింద ‘అన్ని రూపాలు’ అన్న లింకు నొక్కితే జమ చేసిన ప్రతి ఉంటే బయటపడుతుంది. అన్‌పేవాల్ అనే ఉచిత పనిముట్టు కంప్యూటర్ బ్రౌజర్‌లో చట్టబద్ధమైన ప్రతిని తనే వెతికిపెడుతుంది. అదీ కుదరకపోతే పత్రం మొదటి పేజీలో ఉండే రచయిత మెయిల్‌కు రెండు ముక్కలు రాయొచ్చు. ప్రతి అడిగితే సంతోషించే రచయితలే ఎక్కువ, వారికి ఆ అమ్మకాల్లో వాటా ఎలాగూ లేదు.

ఇంకొక అడ్డు మిగిలే ఉంది. ‘కంది ఎండు తెగులు’ అని తెలుగులో కొడితే ఈ నిల్వల్లోని పత్రాలు దాదాపుగా బయటపడవు. వివరాలన్నీ ఇంగ్లిష్‌లో నింపి ఉంటాయి. పంట పేరు ఇంగ్లిష్‌లో, తెగులు కలిగించే ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం పేరు లాటిన్‌లో తెలిసి ఉండాలి. జమ చేసేటప్పుడు శీర్షిక, పంట, తెగులు నింపే ఆ పేజీలోనే రెండు మూడు వాక్యాల తెలుగు సారాంశానికి ఒక గడి చేర్చొచ్చు. ఈప్రింట్స్‌లో గడులు పెంచుకోవచ్చు, తెలుగు అక్షరాలూ అందులో ఇముడుతాయి.